డబ్బులు కట్టి కొన్నాం, మరి మనదేనా? ఫోన్‌లో పాటలు, యాప్‌ల మీద మన హక్కులు ఎంతవరకు

కోట నుంచి మాట్లాడుతున్నా. ఈ ఎపిసోడ్‌లో చెప్పిందంతా, వీడియో చూసే తీరిక లేనివాళ్ల కోసం కింద రాసి పెడుతున్నాం. మాట్లాడిన మాటలే కాబట్టి మాట్లాడినట్టే ఉంటాయి. సర్దుకోండి.

ముందు మీ ఫోన్ ఒకసారి తీయండి. అందులో పాటల యాప్ ఉంటుంది, డబ్బులు కట్టి తీసుకున్న ఎడిటింగ్ యాప్ ఉంటుంది, గేమ్ ఉంటుంది. వీటిలో ఏది మీది? ఫోన్ మీదే, అనుమానం లేదు. అమ్ముకోవచ్చు, తమ్ముడికి ఇవ్వొచ్చు, కోపమొస్తే నేలకేసి కొట్టొచ్చు. మరి అందులో ఉన్న పాట? మూడొందలు పెట్టి కొన్న యాప్? అది తమ్ముడికి ఇవ్వొచ్చా? కంపెనీ రేపు పొద్దున తీసేస్తే అడగొచ్చా? గూడూరులో పెళ్లికి పోయి స్పీకర్లో పెడితే తప్పా?

ఈ ప్రశ్నలకు "అంతా నీదే" అనో, "ఏదీ నీది కాదు" అనో ఒక్క ముక్కలో జవాబు రాదు. కానీ జవాబు ఉంది. అది మన చట్టంలోనే ఉంది. పైగా ఈ విషయంలో సుప్రీంకోర్టు దాకా పోయిన పెద్ద కేసు మన ఆంధ్రప్రదేశ్‌దే. అందుకే ఈ ఎపిసోడ్.

"కొన్నాం" అనే మాటకు మూడు అర్థాలు

మన నాన్నల కాలంలో పాట కొనడమంటే క్యాసెట్ కొనడం. ముప్పై రూపాయలో నలభై రూపాయలో ఇచ్చి తెచ్చుకుంటే అది ఇంట్లో ఉంటుంది. పక్కింటాయన అడిగితే ఇస్తాం. ఆడియో కంపెనీ మూతపడినా క్యాసెట్ మోగుతూనే ఉంటుంది. టేపు ఇరుక్కుపోతే పెన్సిల్ పెట్టి తిప్పుకున్నాం గానీ, కంపెనీని పర్మిషన్ అడగలేదు.

ఇప్పుడు "కొనండి" అని బటన్ మీద రాసి ఉన్నా, లోపల జరిగేది మూడు రకాలు.

ఒకటి, కాపీ కొనడం. సీడీ, పుస్తకం, తాళం లేని ఎంపీత్రీ ఫైలు. ఆ కాపీ మన చేతికొస్తుంది.

రెండు, లైసెన్స్ కొనడం. యాప్, గేమ్, కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ చాలావరకు ఇదే. "వాడుకో, కానీ ఈ షరతుల మీద" అని ఒక అనుమతి. ఆ షరతులే మనం చదవకుండా "ఐ అగ్రీ" కొట్టే ఆ పొడుగు కాగితం.

మూడు, చందా కట్టడం. నెలకింత అని కడితే, కట్టినన్నాళ్లు వినొచ్చు. చందా ఆపితే పాట ఆగుతుంది. "డౌన్‌లోడ్" అని ఉంటుంది కదా, అది కూడా ఆ యాప్ లోపలే తాళం వేసి దాచిన ఫైలు. యాప్ తీసేస్తే ఫైలు ఉన్నా పాట లేదు.

సినిమా హాల్లో టికెట్ కొని సీటు ఇంటికి తెచ్చుకోం కదా. చందా అట్లాంటిది. దాంట్లో మోసం లేదు, ఒప్పందమే అది. చిక్కంతా రెండో రకం దగ్గర. మనం వస్తువు కొన్నామనుకుంటాం, అమ్మినోడు అనుమతి ఇచ్చానంటాడు. ఇద్దర్లో ఎవరిది కరెక్టు?

ఆంధ్రప్రదేశ్ కేసు: సాఫ్ట్‌వేర్ వస్తువా, కాదా?

ఇక్కడే మన రాష్ట్రం కేసు వస్తుంది. పేరు టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్. సుప్రీంకోర్టు తీర్పు 2004 నవంబర్ 5న వచ్చింది. ఐదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనం విన్నది.

గొడవ ఏందంటే పన్ను. మన రాష్ట్ర సేల్స్ టాక్స్ వాళ్లు, రెడీమేడ్‌గా డబ్బాలో పెట్టి అమ్మే సాఫ్ట్‌వేర్ కూడా వస్తువే కాబట్టి 1957 నాటి ఏపీ జనరల్ సేల్స్ టాక్స్ చట్టం కింద పన్ను కట్టాలన్నారు. కంపెనీ ఒప్పుకోలేదు. సాఫ్ట్‌వేర్ కంటికి కనపడదు, చేతికి దొరకదు, అది తెలివితేటల ఫలితం, డిస్కు అనేది దాన్ని మోసే సంచి మాత్రమే, ఇది వస్తువు ఎట్లా అవుతుంది అని వాదించింది.

సుప్రీంకోర్టు ఏం చూసిందంటే, దానివల్ల ఉపయోగం ఉందా, దాన్ని కొనొచ్చా అమ్మొచ్చా, ఒకరి నుంచి ఒకరికి ఇవ్వొచ్చా, దాచిపెట్టుకోవచ్చా. ఇవన్నీ ఉంటే అది వస్తువే. రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌కు ఇవన్నీ ఉన్నాయి. ఈ తీర్పులో అమెరికా కోర్టు చెప్పిన ఒక పోలికను కూడా తీసుకున్నారు. కచేరీలో వాయించే సంగీతాన్ని అప్పటికప్పుడు సరుకు అనలేం, కానీ అదే సంగీతం సీడీ మీదికి ఎక్కితే అంగట్లో అమ్మే సరుకు అవుతుంది, సాఫ్ట్‌వేర్ కూడా అంతే అని దాని సారాంశం. చూశారా, పాటను, సాఫ్ట్‌వేర్‌ను ఒకే త్రాసులో పెట్టారు. కంపెనీ ఓడింది, రాష్ట్రం గెలిచింది.

ఇది పన్ను కేసే, నిజమే. వినియోగదారుడి హక్కుల గురించి నేరుగా చెప్పిన తీర్పు కాదు. కానీ మనకు పనికొచ్చే ప్రశ్న ఒకటి ఇక్కడ పుడుతుంది. పన్ను కట్టించుకునేటప్పుడు వస్తువు అయినది, మనం వాడుకునేటప్పుడు ఉత్త అనుమతి ఎట్లా అయింది?

దీనికి దగ్గరగా ఇంకో తీర్పు 2021 మార్చి 2న వచ్చింది. ఇంజనీరింగ్ అనాలిసిస్ కేసు అంటారు. ఇదీ పన్ను గొడవే. విదేశీ కంపెనీల దగ్గర సాఫ్ట్‌వేర్ కొని మనవాళ్లు కట్టే డబ్బు రాయల్టీనా కాదా అని. సుప్రీంకోర్టు చెప్పింది ఇది: కాగితం మీద లైసెన్స్ అని రాసుకున్నా, మామూలుగా వాడుకునేవాడు కొనేది సాఫ్ట్‌వేర్ కాపీని. కాపీరైట్ అతనికి రాదు, కాపీ మాత్రం వస్తుంది. కాబట్టి అది రాయల్టీ కాదు, వస్తువు అమ్మకం.

ఈ రెండు తీర్పులూ కలిపి చదివితే ఒక గీత కనపడుతుంది. కాపీ వేరు, కాపీరైట్ వేరు. వేమన పద్యాల పుస్తకం కొన్నామనుకోండి, పుస్తకం మనది. చదవొచ్చు, అమ్మొచ్చు, ఇవ్వొచ్చు. ఆ ప్రచురణకర్త రాయించుకున్న వ్యాఖ్యానాన్ని మళ్లీ అచ్చేసి అమ్మే హక్కు మాత్రం మనది కాదు. మిగతా గొడవలన్నీ ఈ గీతకు అటా ఇటా అనేదే.

పాట విషయంలో చట్టం మనకేం ఇచ్చింది

మన దేశంలో కాపీరైట్ చట్టం 1957లో వచ్చింది, 2012లో పెద్ద సవరణ జరిగింది. అందులో 52వ సెక్షన్ అని ఒకటి ఉంది. ఈ ఎపిసోడ్‌లో ఒక్కటి గుర్తుపెట్టుకోవాలంటే ఇదే గుర్తుపెట్టుకోండి. "ఈ పనులు చేస్తే కాపీరైట్ ఉల్లంఘన కాదు" అని చెప్పే పొడుగు లిస్టు అది.

లిస్టులో మొట్టమొదటిదే మనది. సొంతానికి, వ్యక్తిగతంగా, న్యాయమైన మోతాదులో వాడుకోవడం ఉల్లంఘన కాదు. చదువుకు, పరిశోధనకు కూడా. డబ్బులిచ్చి కొన్న సీడీలో పాటను మన ఫోన్‌లోకి ఎక్కించుకుని మనమే వినడం ఈ గొడుగు కిందికే వస్తుంది. అందులో "న్యాయమైన" అనే మాటకు బరువుంది. మనం వినడానికి ఎక్కించుకోవడం వేరు, అదే ఫోల్డర్‌ను వందమందికి పంచడం వేరు.

మరి సెల్ షాపులో యాభై రూపాయలిస్తే మెమరీ కార్డు నిండా పాటలు ఎక్కించడం? ఆటోల్లో, ట్రాక్టర్లలో తిరిగే పెన్ డ్రైవుల్లో సగం అట్లా నిండినవే. ఆ షాపాయన చేసేది సొంత వాడకం కాదు, వ్యాపారం. హక్కుదారుల అనుమతి లేకుండా కాపీలు చేసి అమ్మితే 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా ఉంది. కుర్రాళ్లు చాలామంది సెల్ షాపుల్లో పనికి కుదురుతుంటారు, అందుకే చెప్తున్నా. ఓనర్ చెప్పాడని చేసినా మెడకు చుట్టుకునే పని అది.

సాఫ్ట్‌వేర్ విషయంలో ఇంకొంచెం ఎక్కువే ఇచ్చింది

సాఫ్ట్‌వేర్‌కు 52వ సెక్షన్‌లోనే విడిగా వాక్యాలు ఉన్నాయి. చట్టబద్ధంగా చేతికొచ్చిన కాపీ అయితే, నాలుగు పనులు చేసుకోవచ్చు.

మొదటిది, ఏ పనికోసం ఇచ్చారో ఆ పనికి వాడుకోవడానికి కావాల్సిన కాపీ చేసుకోవచ్చు. రెండోది, పోతుందనో పాడవుతుందనో భయం ఉంటే జాగ్రత్తకోసం బ్యాకప్ తీసిపెట్టుకోవచ్చు. మూడోది, మన దగ్గరున్న వేరే ప్రోగ్రాంతో కలిసి పనిచేయడానికి అవసరమైన సమాచారం మామూలుగా దొరక్కపోతే, దాన్ని రాబట్టుకునే పని చేయొచ్చు. నాలుగోది, సొంతంగా, వ్యాపారం కాకుండా వాడుకోవడానికి కాపీ చేసుకోవచ్చు, అవసరానికి తగ్గట్టు మార్చుకోవచ్చు.

మన కోట మండలంలోనే విద్యానగర్‌లో ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. అక్కడి పిల్లలకు ఇది నేరుగా పనికొచ్చే విషయం. అయితే ఒక జాగ్రత్త. కాలేజీ మెయిల్‌తో ఫ్రీగా వచ్చే స్టూడెంట్ లైసెన్స్ సాధారణంగా నేర్చుకోవడానికే. దాంతో బయట ఇంటి ప్లాన్లు గీసి డబ్బులు తీసుకుంటే, మీరు ఒప్పుకున్న షరతు మీరే దాటినట్టు. కాపీరైట్ చట్టం ఒకటి, ఒప్పందం ఇంకొకటి. 52వ సెక్షన్ మనల్ని కాపీరైట్ కేసు నుంచి కాపాడుతుంది గానీ, షరతులకు ఒప్పుకుని దాటినప్పుడు కంపెనీ ఖాతా మూసేస్తే అది వేరే గొడవ.

ఇక క్రాక్ సాఫ్ట్‌వేర్, మోడ్ ఏపీకేలు. దీనికి 63బి అని ప్రత్యేకంగా సెక్షన్ ఉంది. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే కనీసం ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల జరిమానా. సంపాదనకోసం వాడలేదని తేలితే కోర్టు జైలు లేకుండా యాభై వేల లోపు జరిమానాతో వదిలిపెట్టొచ్చు. "నాది కంప్యూటర్ కాదు, ఫోను" అంటే కుదరదు. సమాచారాన్ని ప్రాసెస్ చేసే ఏ ఎలక్ట్రానిక్ పరికరమైనా చట్టం దృష్టిలో కంప్యూటరే. చట్టం సంగతి పక్కనపెట్టినా, ఎవరు మార్చారో తెలియని ఏపీకేను, యూపీఐ ఉన్న ఫోన్‌లో వేసుకోవడమంటే ఇంటి తాళం దారిన పోయేవాడి చేతికి ఇచ్చినట్టే.

తాళం పగలగొడితే?

పాటకో, ఈ-బుక్కుకో కంపెనీ వేసే డిజిటల్ తాళాన్ని డీఆర్ఎం అంటారు. దీన్ని తీయడం నేరమా?

అమెరికాలో 1998 నాటి చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్పితే, తాళం తీయడమే తప్పు. మన దగ్గర 2012 సవరణలో 65ఎ సెక్షన్ పెట్టారు, కానీ మనవాళ్లు ఒక మాట చేర్చారు. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీస్తేనే నేరం. అప్పుడు రెండేళ్ల దాకా జైలు, జరిమానా. చట్టం ప్రత్యేకంగా నిషేధించని పనికోసం తీస్తే ఈ సెక్షన్ అడ్డం రాదని కూడా అందులోనే రాశారు.

అంటే మన చట్టం చూసేది మనసులో ఉద్దేశాన్ని. చూపు లేని ఒక విద్యార్థి, కొనుక్కున్న ఈ-బుక్కును ఫోన్ చదివి వినిపించేలా చేసుకున్నాడనుకోండి. వికలాంగులకు అందుబాటులోకి వచ్చే రూపంలో పుస్తకాన్ని మార్చుకోవడం కూడా 52వ సెక్షన్ లిస్టులో ఉన్నదే. అదే తాళం తీసి టెలిగ్రామ్ గ్రూపులో పెడితే నేరుగా నేరం. తాళం ఒకటే, పని వేరు.

పాడినాయనకే నోటీసు వచ్చింది

"ఇదంతా మనలాంటోళ్లకే, పెద్దోళ్లకు కాదులే" అనుకుంటారేమో. మన నెల్లూరులో పెరిగిన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి సంగతి చూడండి. 2017 మార్చిలో ఆయన యాభై ఏళ్ల పాటల ప్రయాణం సందర్భంగా అమెరికాలో కచేరీలు చేస్తున్నారు. అప్పుడు ఇళయరాజా గారి తరఫున లాయర్ నోటీసు వచ్చింది. అనుమతి లేకుండా ఇళయరాజా గారి పాటలు వేదిక మీద పాడకూడదని. బాలు గారే ఈ విషయం ఫేస్‌బుక్‌లో చెప్పారు. తనకు ఆ చట్టం సంగతి తెలియదని, చట్టం అదే అయితే పాటిస్తానని, ఆ కచేరీల్లో ఇళయరాజా పాటలు పాడనని అన్నారు.

అభిమానులు రెండుగా చీలి కొట్టుకున్నారు. ఆ గొడవ మనకొద్దు. మనకు కావాల్సింది అందులోని పాఠం. ఒక పాటలో ఎన్ని హక్కులున్నాయో చూడండి. బాణీ ఒకరిది, సాహిత్యం ఒకరిది, రికార్డింగ్ ఇంకొకరిది, గొంతు మరొకరిది. తన గొంతుతో లోకానికి పరిచయమైన పాటనే, టికెట్ పెట్టి వేదిక మీద పాడాలంటే ఆయన కూడా అనుమతి గురించి ఆలోచించాల్సి వచ్చింది. ఇంక పాట డౌన్‌లోడ్ చేసుకున్నంత మాత్రాన అన్ని హక్కులూ మనకు వచ్చేస్తాయా? మనం కొన్నది వినే హక్కు. పదిమందికి వినిపించే హక్కు విడిగా ఉంటుంది.

పెళ్లి, తిరునాళ్ల, షాపు, రీల్స్

అయితే పెళ్లిలో డీజే పెడితే? భయపడకండి. మతపరమైన కార్యక్రమంలో పాట వినిపిస్తే ఉల్లంఘన కాదని 52వ సెక్షన్‌లో ఉంది. దాని కిందే వివరణ కూడా ఇచ్చారు: పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన ఇతర వేడుకలు కూడా ఇందులోకే వస్తాయి. 2023 జూలై 24న కేంద్ర ప్రభుత్వ శాఖ ఒకటి, అంటే పరిశ్రమలు, అంతర్గత వాణిజ్యాన్ని చూసే డీపీఐఐటీ, ఇదే విషయం మళ్లీ గుర్తుచేస్తూ పబ్లిక్ నోటీసు ఇచ్చింది. పెళ్లిళ్లకు రాయల్టీ అడుగుతున్నారని ఫిర్యాదులు రావడమే కారణం.

పెద్ద హోటళ్లు, కన్వెన్షన్ హాళ్లలో జరిగే ఫంక్షన్ల మీద మాత్రం కోర్టుల్లో వాదనలు ఆగలేదు. గోవా ప్రభుత్వం ఇట్లాంటి సర్క్యులరే ఇస్తే, 2024 ఆగస్టులో బాంబే హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఇంటి ముందు పందిట్లో పెళ్లికి ఇదంతా తగలదు. తిరునాళ్లలో దేవుడి ఉత్సవానికి పెట్టే పాట కూడా మతపరమైన కార్యక్రమం కిందికే వస్తుంది. అదే తిరునాళ్లలో టికెట్ పెట్టి నడిపే మ్యూజికల్ నైట్ అయితే దాని లెక్క వేరు.

షాపు సంగతికొద్దాం. టిఫిన్ హోటల్లోనో, బట్టల షాపులోనో నెలవారీ చందా యాప్‌లో పాటలు పెడుతుంటారు. ఆ చందా సొంతంగా వినడానికి ఇచ్చింది. వ్యాపార స్థలంలో వినిపించడానికి విడిగా లైసెన్స్ ఉంటుంది.

రీల్స్ కూడా ఇదే లెక్క. ఇన్‌స్టాలో పర్సనల్ ఖాతాకు కనపడే పాటలన్నీ బిజినెస్ ఖాతాకు కనపడవు, గమనించే ఉంటారు. సరదాగా చేసే రీల్‌కు ఆ యాప్ పాటల కంపెనీలతో ఒప్పందం చేసుకుంది. మీ షాపు ప్రకటనకు చేసుకోలేదు. మీ అక్క చీరల వ్యాపారానికి రీల్ చేసిపెట్టేటప్పుడు, వాణిజ్య వాడకానికి అని స్పష్టంగా రాసి ఉన్న మ్యూజిక్ మాత్రమే వాడండి.

కొన్నది మాయమైతే

ఇప్పుడు అసలు మంట పుట్టించే విషయం. ఎయిర్‌టెల్ వాళ్ల వింక్ మ్యూజిక్ గుర్తుందా? మనలో చాలామంది హలో ట్యూన్ పెట్టుకుంది దాంట్లోనే. 2024 ఆగస్టులో దాన్ని మూసేస్తున్నట్టు ఎయిర్‌టెల్ ప్రకటించింది. ఏళ్ల తరబడి ఏర్చి కూర్చుకున్న ప్లేలిస్టులు, డౌన్‌లోడ్లు యాప్‌తోపాటే పోయాయి. చందా కదా, ఒప్పందమే అంత.

దీనికి ముందు ఫ్లిప్‌కార్ట్ వాళ్లకు ఫ్లైట్ అని ఎంపీత్రీ పాటల అంగడి ఉండేది. 2012లో పెట్టారు, 2013 జూన్‌లో మూసేశారు. అక్కడ అమ్మింది తాళం లేని ఎంపీత్రీలు. కొన్నవాళ్లు దించుకుని పెట్టుకుంటే, అంగడి పోయినా పాట ఈ రోజుకీ మోగుతుంది. రెండూ మూతపడ్డాయి. ఒకదాంట్లో పాట మిగిలింది, ఇంకోదాంట్లో మిగల్లేదు. కాపీకి, చందాకు ఉన్న తేడా ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

మధ్యలో ఉన్న రెండో రకం, అంటే "కొనండి" అని చెప్పి లైసెన్స్ ఇచ్చేది, దానికి పేరుమోసిన ఉదాహరణ 2009 జూలైది. అమెజాన్ వాళ్లు కిండిల్‌లో అమ్మిన జార్జ్ ఆర్వెల్ పుస్తకాల కొన్ని కాపీలను, అమ్మినవాడికి హక్కు లేదని తేలడంతో, కొన్నవాళ్ల కిండిల్ నుంచి దూరం నుంచే తీసేశారు. డబ్బు వాపసు ఇచ్చారు. జనం గోల చేశాక కంపెనీ అధిపతే క్షమాపణ చెప్పారు. మన బీరువాలో పుస్తకాన్ని పబ్లిషర్ రాత్రికి రాత్రి వచ్చి తీసుకుపోయి, బల్ల మీద డబ్బు పెట్టిపోతే ఒప్పుకుంటామా?

అందుకే అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఒక చట్టం చేసింది. 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. డిజిటల్ సరుకు అమ్మేటప్పుడు "కొనండి" అని రాయాలంటే, ఇది లైసెన్స్ మాత్రమేనని కొనేవాడికి స్పష్టంగా చెప్పాలి. ఎప్పటికీ ఉంచుకునేలా దించుకోనిస్తే ఆ గొడవ లేదు. పెద్ద విప్లవమేం కాదు. నిజం చెప్పి అమ్మండి అన్నారు, అంతే. మన దేశంలోనూ "కొనండి" అనే బటన్ దగ్గర ఇంత స్పష్టత రావాలని అడగడం మన పని.

మన చేతిలో ఉన్న దారులు

చట్టం ఉందని తెలిస్తే సరిపోదు, తలుపు ఎక్కడుందో తెలియాలి.

2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలైలో అమల్లోకి వచ్చింది. ఆన్‌లైన్ అమ్మకం అంటే డిజిటల్ ఉత్పత్తులు కూడా అని ఈ చట్టమే చెప్తోంది. అంటే యాప్ కొన్నా, గేమ్ కొన్నా మీరు వినియోగదారుడే. సొంత కాళ్ల మీద నిలబడి బతుకుదెరువుకోసం పెట్టుకున్న చిన్న డీటీపీ సెంటర్, ఫోటో స్టూడియో వాళ్లు కూడా ఇందులోకే వస్తారు.

మొదట కంపెనీకే రాయండి. ఆన్‌లైన్‌లో అమ్మే ప్రతి సంస్థా ఫిర్యాదుల అధికారిని పెట్టాలి, 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఇది 2020 ఈ-కామర్స్ రూల్స్‌లో ఉంది. స్క్రీన్‌షాట్లు, బిల్లు, తేదీలు దాచిపెట్టుకోండి. ప్లే స్టోర్‌లో కొన్న యాప్ నచ్చకపోతే 48 గంటల లోపే రీఫండ్ అడగండి, ఆలస్యమైతే కష్టం.

పలకకపోతే 1915కు ఫోన్ చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడొచ్చు.

అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్. కంపెనీ ముంబైలో ఉన్నా, బెంగళూరులో ఉన్నా, మీరు ఉండే చోటే కేసు వేయొచ్చు. ఒకప్పుడు కోట వాళ్లం నెల్లూరు జిల్లా, 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాకు మార్చారు, కాబట్టి ఇప్పుడు మనం ఏ జిల్లా కిందికి వస్తామో చూసుకుని వేయండి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. సమస్య వచ్చిన రెండేళ్ల లోపు వేయాలి.

సరైన కారణం లేకుండా ఒప్పందాన్ని ఏకపక్షంగా రద్దు చేసుకునే అధికారం కంపెనీకి ఇచ్చే షరతును ఈ చట్టం "అన్యాయమైన ఒప్పందం" అంటుంది. అట్లాంటి వాటిని రాష్ట్ర కమిషన్ ముందు ప్రశ్నించొచ్చు. "ఐ అగ్రీ కొట్టావు కదా, నోరు మూసుకో" అనడానికి వీల్లేదన్నమాట.

ఇంకోటి, చందాల వల. ఎక్కడానికి ఒక్క బటన్, దిగడానికి పది మెట్లు పెడతారు చూడండి, 2023 నవంబర్ 30న వచ్చిన డార్క్ పాటర్న్స్ మార్గదర్శకాలు ఇట్లాంటి 13 మాయలను నిషేధించాయి. చందా వల అందులో ఒకటి. ఆటోపే డబ్బులు కోయడానికి కనీసం 24 గంటల ముందు మీకు మెసేజ్ రావాలని ఆర్‌బీఐ నిబంధన. యాప్‌లో రద్దు దారి దొరక్కపోతే, మీ యూపీఐ యాప్‌లో ఆటోపే సెక్షన్‌కు పోయి అక్కడే ఆపేయండి.

తాళం లేనివి కూడా ఉన్నాయి

చివరిగా ఒక మంచి మాట. హక్కుదారులే మనకు స్వేచ్ఛ ఇచ్చేసిన సాఫ్ట్‌వేర్ కూడా బోలెడు ఉంది. పోస్టర్లు డిజైన్ చేసే తమ్ముళ్లు చూడండి: మండలి, రామభద్ర, ఎన్టీఆర్, సూరన్న, ధూర్జటి లాంటి తెలుగు ఫాంట్లు సిలికానాంధ్ర ద్వారా ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద వచ్చాయి. పెళ్లి కార్డుకు వాడుకోవచ్చు, డబ్బులు తీసుకుని చేసే పనికి వాడొచ్చు, స్నేహితుడికి ఇవ్వొచ్చు, మార్చుకోవచ్చు. ఫాంటును మాత్రమే విడిగా అమ్మకూడదు, అంతే. వీడియోలకు వీఎల్‌సీ, టైపింగ్ పనులకు లిబ్రే ఆఫీస్ కూడా ఇట్లాంటివే. క్రాక్ వెతుక్కునే ముందు ఇవి ఒకసారి చూడండి.

కాబట్టి, ఈసారి "కొనండి" బటన్ నొక్కే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది కాపీనా, లైసెన్సా, చందానా? ఫైలు నా చేతికి వస్తుందా, వాళ్ల యాప్ లోపలే ఉంటుందా? ఆ కంపెనీ రేపు మూతపడితే నా దగ్గర ఏం మిగులుతుంది? మూడోదానికి జవాబు "ఏమీ లేదు" అయితే, అది అద్దె అనుకుని, అద్దెకు తగ్గ రేటే ఇవ్వండి. ఎప్పటికీ ఉండాలనుకునే పాటకైతే, తాళం లేని కాపీ ఎక్కడ అమ్ముతున్నారో వెతికి కొనుక్కోండి. పాట రాసినోళ్లకు, పాడినోళ్లకు డబ్బు పోవాలి. డబ్బిచ్చిన మనకు కూడా ఏం కొన్నామో తెలియాలి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.